అడ్డంగా ఊగే వెలుగు

మొన్న ఒక సాయంత్రం మా తమ్ముడి కూతురు తన ఫోనులో ఒక వార్త చూపించింది. అయస్కాంతశక్తి అపారంగా ఉండే కొన్ని నక్షత్రాల నుంచి వచ్చే వెలుగు ఏ దిక్కుగా ఊగుతుందో ఆకాశంలో తిరిగే పరికరం ఒకటి కొలుస్తున్నదట. ఆ పిల్లకు అదొక నిమిషం వింత, నాకు మాత్రం మొయినాబాద్‌లో బస్సెక్కే అక్క కళ్ల ముందు మెదిలింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. హైదరాబాద్‌లో ఒకే సారు దగ్గర భౌతికశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లం. నేను చేవెళ్లలో ఎక్కి, చామంతి మూటల మధ్య ఒక సీటు మీద చేతిరుమాలు వేసి ఆమె కోసం ఆపేదాన్ని. ఆమె కూర్చున్నదంటే లెక్క మొదలు. మామూలు చోట వెలుగు తగిలిన ఎలక్ట్రాన్ ఆ వెలుగుతో పాటు ఊగి, దాన్ని నలువైపులా చెదరగొడుతుంది. ఆ నక్షత్రాల దగ్గర మాత్రం ఎలక్ట్రాన్ అయస్కాంత క్షేత్రం వెంబడి తప్ప అడ్డంగా కదలలేదు. మరి అడ్డంగా ఊగే వెలుగు ఎంత చెదురుతుంది, ఎంత తప్పించుకుంటుంది అన్నదే మా పోట్లాట; ఇద్దరం విడివిడిగా లెక్క కడితే జవాబులు కలిసేవి కావు. ఒకసారి పూలమ్మే అవ్వ మా గొడవేమిటని అడిగితే, అక్క మెడలోని నల్లపూసల దండ బిగించి పట్టుకుని, "ఈ పూస దారం వెంబడి జారుతది గని పక్కకు పోదు గదా, గట్లనే అవ్వా," అని చెప్పింది.

అవి అందరూ కంప్యూటర్ కోర్సుల వెంట ఉరికే రోజులు. మాతో చేరినవాళ్లు ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. అక్కను కూడా పరిశోధన విడిచి అట్లాంటి ఉద్యోగంలో చేరమని ఆమె అత్త రోజూ పోరుపెట్టేది. మా ఇద్దరి జవాబులు కలిసేదాకా కదలనని అక్క పట్టుబట్టింది.

ఆ ఎండాకాలం ఆమెకు జ్వరం పట్టుకుని వదలలేదు, చివరికి రక్తంలో జబ్బు అన్నారు. ఆమె దవాఖానలో ఉండగానే తేడా ఎక్కడున్నదో తెలిసింది. కోణాన్ని ఆమె క్షేత్రం నుంచి కొలిచింది, నేను నక్షత్రం ఉపరితలం నుంచి కొలిచాను. అది సరిచేయగానే రెండు జవాబులూ ఒకటే అయ్యాయి. పరుగున వెళ్లి చెప్పాను.

"అయితే ఆ అడ్డం వెలుగు బయటికొస్తదా?" అన్నది, కళ్లు మూసుకునే.

"వస్తదక్కా. చానమట్టుకు చెదరకుంటనే వస్తది."

"మంచిగైంది. ఇగ నాకోసం ఆగకు, రాసెయ్యి."

వానలు పడకముందే అక్క పోయింది. వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకుని మొయినాబాద్ వెళ్లాను. ఇంగ్లీషు రాని ఆమె అత్త ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, కోడలి పేరు ఎక్కడున్నదని అడిగింది. మొదట ఉన్నదే ఆమె పేరని చూపించాను. వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుని, "గిదా బిడ్డ పని? మేము ఇడిసిపెట్టమని ఎంత సతాయించినమో," అన్నది.

మరుసటేడు నేనూ సాఫ్ట్‌వేర్‌లోనే చేరాను, ఏ లోటూ లేకుండా బతికాను. ఇప్పుడా దారిలో పూలతోటలు పోయి ఫామ్‌హౌసుల ప్రహరీలు లేచాయి. మేము నెలల తరబడి చేసిన లెక్కను కంప్యూటరు చిటికెలో తేలుస్తుంది. కానీ ఆ జవాబు తప్పని మొయినాబాద్ నుంచి మెహదీపట్నంలో బస్సు దిగేదాకా నాతో పోట్లాడే మనిషి మళ్లీ దొరకలేదు.