రెండు తాళ్లు పట్టిన సాయంత్రం

ఉదయం ఆరూ నలభై. తుపాను షెల్టర్ మెట్లెక్కి తలుపులోంచి చూశాను. మూడు వందల మందికి పైగా ఉన్నారు. చోటు లేక కొందరు పిల్లల్ని ఎత్తుకుని గోడవారన నిలబడ్డారు. హాలు మధ్యలో మాత్రం బారెడు నేల ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కాలు పెట్టడం లేదు. ఆ ఖాళీ చూడగానే నాకు భయమేసింది.

నేను అప్పుడు విపత్తు దళంలో కానిస్టేబుల్‌ని. జువ్వలదిన్నెకు దక్షిణాన ఉన్న ఆ పల్లెకు ఆరుగురం వచ్చాం. ఒక రబ్బరు పడవ, రెండు వందల మీటర్ల తాడు, ఆరు లైఫ్ జాకెట్లు. తుపాను ముందురోజు తీరం దాటింది. గాలి తగ్గింది. సన్నటి వాన. సెల్ టవర్ పడిపోయింది. నెల్లూరులో అత్త దగ్గర వదిలిన నా ఇద్దరు పిల్లల గొంతు విని రెండు రోజులైంది.

"మధ్యలో కూర్చోండి, చోటుంది గదా," అన్నాను.

"దురాయి ఏసుండాం మేడం," అన్నాడు ఖాళీకి ఎడమవైపు కూర్చున్న వాళ్ల ఊరిపెద్ద, పెదకాపు. దురాయి అంటే ఊరిపెద్దల ఆంక్ష. "ఎలక్షన్లప్పట్నుంచి కుడిపక్క ఆ పార్టీ వాళ్లతో మాటల్లేవు."

ఎడమవైపు వాళ్లలో రమణమ్మ ఉంది. పాతికేళ్లుంటాయి. ముందురోజు ఆమె భర్త పడవకు ఇంకో తాడు కట్టొస్తానని ఏరు సముద్రంలో కలిసే మొగకు వెళ్లాడు. పడవ బోల్తాపడి దొరికింది. అతను దొరకలేదు.

మూడింటి దాకా వెతికాం. బురదనీళ్లు. చేయి ముంచితే వేళ్లు కనపడవు. షెల్టర్‌కి తిరిగొచ్చేసరికి వైర్‌లెస్‌లో కమాండర్ పిలిచాడు.

"ఐదున్నర దాకా చూడండి. రాత్రికి వేరే ఊరు. ఓవర్."

"ఇంకొక్క రోజు సార్."

"కుదరదు. ఓవర్."

అది విని పెదకాపు అన్నాడు, "మీ రబ్బరు పడవతో కాదు మేడం. అలివి వల ఎయ్యాల."

ఒడ్డు నుంచి లాగే పెద్ద వల అది. రెండు చివర్లా రెండు తాళ్లు. ఒక్కో తాడుకు ఇరవై మంది కావాలి. ఎడమవైపు లాగగలిగిన మగవాళ్లు ఇరవై ముగ్గురే. ఊళ్లో మిగిలిన వల ఒక్కటే. అది కుడివైపు వాళ్లది.

పెదకాపు అడగనన్నాడు. నేను అడగబోయాను. రమణమ్మ నన్ను పక్కకు జరిపి ఆ ఖాళీ నేల మీదకు నడిచింది.

"అన్నా, వల ఇయ్యండి. చీకటి పడితే మేడమోళ్లు ఎళ్లిపోతారు."

కుడివైపు పెద్దాయన ముఖం తిప్పుకున్నాడు. "జెండా పట్టుకోని మా వాకిట్లో ఈలలేసినోడు గదమ్మే నీ మొగుడు."

"ఏసినాడు. ఇంక ఎయ్యడులే అన్నా."

ఆయన లేచి పంచె ఎగ్గట్టాడు. "వల తీయండిరా."

మా పడవలోనే వల మోసుకెళ్లి నాలుగూ పదికి మొగ దగ్గర దింపాం. ఉత్తరం తాడు ఎడమవైపు వాళ్లు పట్టారు, దక్షిణం తాడు కుడివైపు వాళ్లు. నేను ఉత్తరం తాడు చివరన ఉన్నాను. లాగేటప్పుడు మామూలుగా పాట పాడతారట. ఆరోజు ఎవరూ నోరు తెరవలేదు. పట్టు కలవక వల ఒక పక్కకు గుంజుకుపోయింది.

అప్పుడు అవతలి తాడు నుంచి కేక వినపడింది. "మెల్లగా అన్నా! ఆ పక్క ఎక్కువ లాగతా ఉండారు!"

"సరే, మీరు బిగించండి!" అన్నాడు పెదకాపు.

వల దగ్గరయ్యేకొద్దీ రెండు వరసలూ దగ్గరయ్యాయి. ఐదూ ఇరవైకి అతను వచ్చాడు, చేపల మధ్య. రమణమ్మ ఏడుపు మొదలైంది. నలభై మందిలో ఒక్కరూ తాడు వదల్లేదు. ఇప్పటికీ కళ్లు మూస్తే వాళ్లే కనపడతారు. లాగడానికి ఇంకేమీ లేదు. అయినా తాళ్లు బిగబట్టి, వానలో, భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నారు.

మేం లారీ ఎక్కేటప్పటికి ఎవరి వైపు వాళ్లు వెళ్లిపోయారు. పాడెకు వెదుళ్లు మాత్రం కుడివైపు ఇళ్ల నుంచి వచ్చాయి.

పదకొండో రోజు నెల్లూరులో అత్త ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. ఇద్దరి ముక్కుల దగ్గరా వేలు పెట్టి ఊపిరి చూశాను. ఉద్యోగం వదిలేశాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇది రాస్తూ రెండుసార్లు లేచి చూసొచ్చాను.

మర్నాడు పొద్దున పెద్దది అడిగింది, "అమ్మా, ఎవర్నన్నా కాపాడినావా?"

"లేదు. ఒకాయన్ని వాళ్లింటికి చేర్చినాం."

"నువ్వొక్కదానివేనా?"

"లేదమ్మా. ఆయనతో మాట్లాడనోళ్లు కూడా వచ్చి లాగినారు."