నాయనమ్మ ఏడుపు అప్పజెప్పిన రోజు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో నేను హైదరాబాద్‌లో ఎమ్మే చదువుతున్నాను. పాశ్చాత్య సంగీత చరిత్ర పేపర్ తీసుకున్నది క్లాసులో నేనొక్కదాన్నే. ఎవరూ సలహా ఇవ్వలేదు, అది నా సొంత తెలివే. సమ్మెతో హాస్టల్ మూసేస్తే మహబూబాబాద్ దగ్గరి మా తండాకు బయలుదేరాను. జనగామలో రైలు ఆగిపోయింది. పట్టాల మీదే వంటావార్పు. ఒకరు పాట అందుకుంటే స్టేషనంతా వంత పాడుతోంది. నేను మాత్రం కిటికీ పక్కన నోట్సు తిరగేస్తున్నాను.

రైల్లోవాళ్లకు అన్నం పంచుతున్న ఒకామె, "ఏం సదువుతున్నవ్ చెల్లె?" అంది.

"వెయ్యేండ్ల కింద యూరప్ మఠాలల్ల పాడిన పాటల గురించి అక్కా."

"గవి ఇప్పుడెవలు వింటరు?" అంటూ విస్తరి నా ఒళ్లో పెట్టి పోయింది. వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది.

ఇంటికి చేరగానే నాయనమ్మ నా మెడ చుట్టూ చేతులు వేసి, పాట కట్టి ఏడ్చింది. చాన్నాళ్లకు కలిసినవాళ్లను మా ఆడవాళ్లు అలాగే పలకరిస్తారు. మధ్యలో పోయినవాళ్లను, పడిన కష్టాలను అందులోనే చెప్పుకుంటారు. అవతలి మనిషీ అలాగే ఏడుస్తూ బదులివ్వాలి. చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగినదాన్ని, మా లంబాడీ మాటే సరిగ్గా రాదు, ఇక ఏడుపెక్కడిది? కొయ్యలా నిలబడ్డాను. ఆమె కళ్లు తుడుచుకుని, చుట్టానికి ఇచ్చినట్టు మంచినీళ్లు ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎలాగైనా ఆమెకు బదులు చెప్పాలనుకున్నాను. ఆ పాత మఠాల్లో సన్యాసులు ప్రార్థన మాటల పైన చిన్న చిన్న గీతలు గీసుకునేవారు. గొంతు లేస్తే పైకి, దిగితే కిందికి. చుట్టాలు వచ్చి నాయనమ్మ ఏడ్చినప్పుడల్లా నేనూ గుమ్మం పక్కన కూర్చుని అలాగే రాసుకున్నాను. ఆ గీతలు పాట వచ్చినవాడికి గుర్తు చేస్తాయే గానీ రానివాడికి నేర్పవని నా నోట్సులోనే ఉంది. పరీక్షకు పనికొచ్చే ముక్క అనుకున్నాను గానీ నాకు పనికొస్తుందనుకోలేదు. చేనుగట్టున ఒంటరిగా కూర్చుని సాధన చేశాను.

భూపాలపల్లిలో అక్క ఇంట్లో కొన్నాళ్లుండి తిరిగొచ్చిన రోజు, ఈసారి నేనే ముందుగా ఆమె మెడ పట్టుకున్నాను. రాసుకున్నదంతా పొల్లుపోకుండా పాడాను, చనిపోయిన తమ్ముణ్ని తలుచుకునే చోటుతో సహా. నాకసలు తమ్ముడే లేడు.

నాయనమ్మ చేతులు వదిలేసింది. "గది నా ఏడుపు బిడ్డా," అంది తెలుగులో. "నీదేది?"

నోరు తెరిచాను. మా భాషలో ఒక్క మాటా రాలేదు. చివరికి తెలుగులోనే, మామూలుగా, "నాతోని మాట్లాడెటోళ్లు ఎవ్వలు లేరు నాయనమ్మా," అన్నాను.

ఆమె నన్ను మళ్లీ దగ్గరికి తీసుకుని, ఆ మాటను మా భాషలోకి మార్చి, పాట కట్టి, నా తరఫున తనే ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నా ఏడుపులో నాకు అర్థమైంది సగమే.