ఆరు నిలువుల బావి

ఇప్పటికీ నా ఎదుట ఎవరైనా చెయ్యి పైకెత్తితే గుండె ఒక్కసారి జారుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పినవాడికి ఇది ఎలాంటి శిక్షో వేరే చెప్పాలా? ప్రశ్న అడిగానంటే నలభై చేతులు లేచేవి.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది నేను ఆళ్ళగడ్డ హైస్కూల్లో లెక్కల అయ్యవారిగా చేరాను. ఇరవై ఆరేళ్ళ వయసు. చదివింది కొంచెం, పొగరు బండెడు. బడి ఎదురుగా ఒక సాయబు కుట్టుమిషను పెట్టుకుని ఉండేవాడు. పెళ్ళివాళ్ళ కోసం గుండ్రటి డేరా కుట్టాలి, గుడ్డ ఎంత పడుతుందో తేలడం లేదని ఒకరోజు నన్ను అడిగాడు. లెక్క కట్టి చెప్పాను. డేరా పూర్తయ్యాక జానెడు గుడ్డ మిగిలిందట. ఆ జానెడు గుడ్డను ఆయన పదిమందికీ చూపించాడు. అంతే, లెక్కల కోసం జనం నా దగ్గరికి రావడం మొదలైంది.

సంత రోజు బడి వదలగానే వరండాలో బెంచీ వేసుకుని కూర్చునేవాణ్ణి. పక్కన పలక, సుద్దముక్క, టేపు. కుండలా తవ్విన పాతరలో ఎన్ని మూటల జొన్నలు పడతాయి, మూడు మూలల చేను అన్నదమ్ములు నలుగురూ ఎలా కోసుకోవాలి, ఈ వామి ఎన్ని బండ్ల గడ్డి అవుతుంది, ఇవీ ప్రశ్నలు. పిల్లల ఇంటిలెక్కలు పట్టుకొచ్చే తండ్రులూ ఉండేవారు. తొట్టి నిండడానికి ఒక గొట్టం, కారిపోవడానికి ఒక గొట్టం ఉన్న లెక్క చదివి, కోయిలకుంట్ల నుంచి వచ్చిన రైతు ఒకడు నా మీదికి లేచాడు. "ఏందీ అయ్యవారా, నీళ్ళు పోతాంటే గొట్టం మూయకుండా లెక్కేసుకుంటా కూచుంటారా మీ పిల్లోళ్ళు?" అన్నాడు. నవ్వీ నవ్వీ నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నాలుగేళ్ళూ నేను అంత హాయిగా బతికాను. అది దాచుకోను.

క్లాసులో మాత్రం నేను పులిని. జవాబు పక్కన అడుగులో, గజాలో, శేర్లో రాయని పిల్లవాడికి వీపు విమానం మోత మోగేది. "ఆరు అంటే ఏం ఆరురా? ఆరు మేకలా, ఆరు మేకులా?" అని అరిచేవాణ్ణి.

నాలుగో వేసవిలో ఒక సంత రోజున బావులు తవ్వే మేస్త్రీ వచ్చాడు. నా ఈడువాడే. భుజాన చుట్ట చుట్టిన నల్ల తాడు ఉంది.

"ఆరు నిలువులు తవ్వినాం సామీ. అడుగున బండ తగిలింది. మందు కూరి పేల్చల్ల. తాడుకు అంటిచ్చి పైకెక్కల్ల గదా. పాత తాడైతే మాకు చేతికొలత. నంద్యాల్లో తెచ్చిన ఈ కొత్త తాడు బేగా కాల్తాంది. ఎంత కోయల్ల?"

ఇంతకుముందు ఎలా చూసుకునేవారని అడిగాను. మందు కూరక ముందే ఒక మనిషిని అడుగుకు దించుతారట. పైన గట్టు మీద తాడు ముక్క ఒకటి అంటిస్తారట. అది కాలేలోగా ఆ మనిషి పైకి వచ్చి చెట్టు చాటుకు చేరాలి. చేరలేకపోతే ఇంకో మూర కలిపి మళ్ళీ చూస్తారు. వాళ్ళ తాతల నాటి పద్ధతి.

నాకు నవ్వొచ్చింది. మూర తాడు కోసి వరండాలో కాల్చాను. జేబు గడియారం ప్రకారం అర నిమిషం. బడి వెనక బావిలో ఇరవై అడుగులు టేపుతో కొలిచి మేస్త్రీని ఎక్కించాను. ఒక నిమిషం. అంటే అడుగుకు మూడు సెకన్లు. నిలువంటే మనిషి ఎత్తు, అయిదున్నర అడుగులు వేసుకున్నాను. ఆరు నిలువులకు ముప్పైమూడు అడుగులు, ఎక్కడానికి వంద సెకన్లు, చాటుకు పరిగెత్తడానికి ఇరవై. మొత్తం రెండు నిమిషాలు. చీటీ మీద ‘4 మూరలు’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. మూర కొలతకు ఒక బద్ద కూడా కోసి ఇచ్చాను.

"ఒకపారి మా మాదిరి ఎక్కి చూసుకుంటాం సామీ" అన్నాడు.

"ఇంత లెక్క చేశాక మళ్ళీ ఆ కుప్పిగంతులెందుకయ్యా? తాడు దండగ" అన్నాను.

సిగ్గుపడి తల ఊపాడు. ఆ తల ఊపు నాకు బాగా గుర్తుంది.

పై సంతకు ముందే సాయబు వచ్చి చెప్పాడు. మేస్త్రీ ఇంకా గట్టెక్కక ముందే మందు పేలిందట. రాళ్ళు మొహానికి కొట్టి రెండు కళ్ళూ పోయాయట. నంద్యాల ఆసుపత్రికి బండిలో తీసుకుపోయారట.

పలక ముందేసుకుని లెక్క పదిసార్లు చేశాను. ఎక్కడా తప్పు లేదు. ఆదివారం ఆ బావి దగ్గరికి నడిచి వెళ్ళాను. గట్టు మీద మేస్త్రీ తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"వాడే పొట్టి తాడు కోసుకున్నాడు సామీ. మీరు చెప్పింది ఇనకుండా. గుడ్డి నాకొడుకు, కండ్లున్నప్పుడే గుడ్డోడు" అని ఏడ్చాడు.

"బావి ఆరు నిలువులేనా?" అన్నాను.

"ఆరే."

"నిలువంటే ఎంత?"

ముసలాయన నిటారుగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు. వేళ్ళు కూడా చాచాడు. "ఇదీ నిలువు. మునిగినోడు చెయ్యెత్తితే అందల్ల గదా. చెయ్యి కూడా మునిగితేనే ఒక నిలువు లోతు."

ఆ ఎత్తిన చేతిని చూస్తూ నిలబడిపోయాను. ఏడున్నర అడుగులు. ఆరు నిలువులకు నలభైఅయిదు. ఎక్కడానికే నూటముప్పైఅయిదు సెకన్లు కావాలి. నేనిచ్చింది నూటఇరవై. ఆరు అంటే ఏం ఆరురా అని పిల్లల్ని బాదినవాణ్ణి, ఎవరి నిలువని ఒక్క మాట అడగలేదు. టేపు నా చేతిలోనే ఉండింది.

ఆయనకు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "ఎండగా ఉంది, ఇంటికి పో పెద్దాయనా" అని వచ్చేశాను.

నెల తర్వాత, సంత రోజునే, భార్య చెయ్యి పట్టుకుని మేస్త్రీ వరండాకు వచ్చాడు. కళ్ళకు గుడ్డ కట్టి ఉంది. బెంచీ చుట్టూ పదిమంది ఉన్నారు. సాయబు కూడా మిషను ఆపి చూస్తున్నాడు. మేస్త్రీ రొంటిలోంచి చీటీ తీశాడు.

"నాలుగే కోస్తి సామీ. నాకు నాలుగనే గుర్తు. మా నాయన నమ్మల్యా. ఒకపారి చదవండ."

చీటీ నా చేతిలో ఉంది. నేను గీసిన రెండు గీతలూ కనిపిస్తున్నాయి. అతనికి చూపు లేదు, ఆమెకు చదువు లేదు.

"అయిదు" అన్నాను.

అయిదని ఎందుకన్నాను? మనిషి ఒక మూర మరిచిపోయాడంటే లోకం నమ్ముతుంది, అందుకు. అంత లెక్క ఆ క్షణంలో కూడా చేశాను. నా మీద నాకు అసహ్యం వేసేది ఆ లెక్కకే.

"అట్లయితే నేనే తప్పినా" అన్నాడు అతను. చెయ్యి చాచి చీటీ అడిగి తీసుకున్నాడు, మడిచి మళ్ళీ రొంటిలో పెట్టుకున్నాడు. ఆమె అతన్ని మెట్లు దింపింది.

ఆ తర్వాత సంతకు బెంచీ వెయ్యలేదు. ఏడాది తిరక్కుండా నంద్యాలకు బదిలీ చేయించుకున్నాను. అక్కడా పీడ వదల్లేదు. బోర్డు వైపు తిరిగి లెక్క రాసి వెనక్కి తిరిగితే చెయ్యెత్తిన నలభై నిలువులు కూర్చుని ఉండేవి. చేతులు ఎత్తొద్దు, కూర్చునే చెప్పండి అని రూలు పెట్టాను. హెడ్మాస్టరు వింతగా చూశాడు. జవాబులు అడగడానికి ఇంటికి వచ్చేవాళ్ళను మాత్రం ఆపలేకపోయాను. చెప్పేవాణ్ణి గానీ, కొలత ప్రతిదీ నేనే వెళ్ళి కొలిచాకే చెప్పేవాణ్ణి. నాకు చాదస్తమన్నారు.

పంతొమ్మిదివందల అరవైలో ఒక సాయంత్రం వాకిట్లో అలికిడైంది. చూస్తే మేస్త్రీ భార్య, ఆమె చెయ్యి పట్టుకుని అతను. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక లెక్క అడగాలని వచ్చినా సామీ. మా నిలువు చెయ్యెత్తి కొలుస్తాం. ఆరు నిలువుల బావి. ఆ తాడే. ఎన్ని మూరలు?"

లెక్క అడిగితే చెప్పడం నాకు అలవాటైన పని.

"ఆరు" అన్నాను.

అతను తల ఊపాడు, ఆనాటి లాగే. "డోన్‌లో ఒకాయనతో చీటీ చదివిచ్చినా. నాలుగనె. మీరు రాసింది నాలుగు, చదివింది అయిదు, ఈ పొద్దు ఆరంటాండారు. ఏది నిజం సామీ?"

"ఆరే నిజం. తప్పు నాది. నువ్వు కోసింది సరిగ్గానే కోశావు. మీ నాయన బావి దగ్గర చెయ్యెత్తి చూపిన రోజే నాకు తెలిసింది" అన్నాను. చెబుతూ ఏడ్చాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"ఈ మాట మా నాయనకు చెప్పల్సింది సామీ" అన్నాడు. "పోయిన కార్తీకంలో సచ్చిపాయ. సచ్చేటప్పుడు కూడా, పొట్టి తాడు ఎందుకు కోస్తివిరా అని అడిగినాడు. అయిదని మీరు చెప్తిరి గదా, నాకేం జవాబు రాల్యా."

చీటీ తీసి నా అరుగు మీద పెట్టాడు. ఆమె చెయ్యి అందించింది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచి వెళ్ళారు.