గింజ ముట్టని పెట్ట

రంజాన్ పండగకు కుట్టే బట్టలకు నెల చివర కొలత తీయొద్దని మా అమ్మీ ఏటా దర్జీకి చెప్పేది. ఉపవాసాలతో చిక్కిన ఒళ్ళు పండగ వెళ్ళాక మళ్ళీ పాత లెక్కకు వచ్చేస్తుందని, అప్పుడు కుట్లు పిగులుతాయని ఆమె భయం. మధిరలో మాకు బట్టల దుకాణం ఉండేది కాబట్టి ఆ మాటకు విలువుండేది. వెటర్నరీ చదువులో చేరాక తెలిసింది, అమ్మీ చెప్పింది శాస్త్రమేనని. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఒంట్లో కొవ్వు ఎంతుందో రక్తం దానికి కబురు మోస్తూ ఉంటుంది. తాను పెట్టుకున్న గీత కంటే బరువు తగ్గితే అది ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. ఎలుకకైనా ఎనుముకైనా ఇదే పద్ధతి. పరీక్షలో ఈ జవాబు నేను బాగా రాశాను.

నా మొదటి ఉద్యోగం దుమ్ముగూడెం దగ్గర పశువుల దవాఖానాలో. ఆ ఏడు రంజాన్ ఇప్పపూలు రాలే రోజుల్లో వచ్చింది. అప్పుడే అడవి అంచున ఉన్న ఒక గూడేనికి కొక్కెర రోగం తగిలి కోళ్ళు తూలి తూలి చచ్చిపోయాయి. టీకా మందు తీసుకుని నేను చేరేసరికి చాలా గంపలు ఖాళీ. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఇంట్లో ఒకే ఒక్క పెట్ట మిగిలింది. అది మూలనున్న పాత బుట్టలో పదకొండు గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది. ఆ గుడ్లు పిల్లలైతే ఇంట్లో మళ్ళీ కోళ్ళుంటాయని, లేకపోతే లేనట్టేనని ముసలమ్మ చెప్పింది.

పెట్ట కళ్ళు సగం మూసుకుని, ఈకలు ఉబ్బించుకుని ఉంది. ముక్కు కిందే నూకలు పోశాను, చూడలేదు. సంచిలో పెట్టి స్ప్రింగ్ కాటాకు తగిలించి తూచి, బరువు రాసుకున్నాను. నాలుగు రోజులకు మళ్ళీ వెళ్ళి తూస్తే బాగా తగ్గింది. నేను చదివిన కోళ్ళన్నీ ఫారం కోళ్ళు. వాటి గుడ్లను మెషీన్ పొదుగుతుంది, అవి పొద్దస్తమానం తింటూనే ఉంటాయి. చుట్టూ రోగం, ఎదురుగా మేత ముట్టని కోడి. నాకు వేరే ఆలోచన రాలేదు. దీన్ని గుడ్ల మీంచి తీసి గంప కింద విడిగా ఉంచాలని, తినిపించాలని చెప్పాను.

ముసలమ్మ ఒప్పుకోలేదు. "అది పని మీదున్నది డాక్టరమ్మా. పని అయినంక తింటది" అంది. నేను వినకపోయేసరికి నా ఎండిన పెదాల వంక చూసి, "నువ్వు గూడ పొద్దుగాల నుంచి ఏం తింటలేవంట గద. నిన్నెవరన్న గంప కింద మూసిన్రా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. నాది రోజా ఉపవాసం, నా ఇష్టంతో ఉంటున్నది, కోడిది జబ్బు అని వివరించాను. రోగం ముదిరితే గూడెంలో మిగిలిన నాలుగు కోళ్ళకూ అంటుతుందని గట్టిగా చెప్పాక ఆమె బుట్ట దగ్గర్నుంచి పక్కకు జరిగింది. పెట్టను నేనే ఎత్తి, పెరట్లో గాలి తగిలే గంప కింద మూసి, పిండిముద్దలు చేసి నోట్లో పెట్టాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. అది నా గురించే. పొదిగే పక్షి విషయంలో మెదడు గీతనే కిందికి దించుతుందని నేను తర్వాత ఎప్పుడో చదివాను. అప్పుడు దానికి నిజంగానే ఆకలుండదు, తగ్గిన బరువే దానికి సరైన బరువు. దించిన ఆ గీత కంటే ఇంకా చిక్కితే మాత్రం లేచి తింటుంది. గుడ్లు పగిలి పిల్లలొచ్చాక గీత మళ్ళీ పైకి వెళుతుంది. నా ఉపవాసం అలాంటిది కాదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి నాకు ఇఫ్తార్ పకోడీల వాసన అవి లేకుండానే వచ్చేది.

గంప కింద మూడు రోజులకు పొదుగు విరిగింది, గుడ్ల ధ్యాస పోయింది. పెట్ట లేచి తినడం మొదలుపెట్టింది. ఐదో రోజున బరువు తూచి, రిజిస్టర్‌లో 'కోలుకుంది' అని రాసి, గర్వంగా ఇంటికెళ్ళాను. గుడ్లను ముసలమ్మ పాత చీరలో చుట్టి పొయ్యి పక్కన పెట్టుకోవడం చూశాను. అవి ఒక్కటీ పగల్లేదు.

ఆ వారంలోనే ఇప్పపూలు ఏరడానికి ముందు చేసే పండుగ వచ్చింది. రోగం పోవాలని, కోళ్ళు మిగిలిన ఇంటికొకటి చొప్పున ఊరి తల్లికి బలి ఇవ్వాలని పెద్దలు ముందే అనుకున్నారు. మిగిలిన కోళ్ళకు టీకా వేయడానికి వెళ్ళి నేనూ అక్కడే నిలబడ్డాను. కోడిని తల్లి ముందు దించి బియ్యం గింజలు పోస్తారు. ముడితే తల్లి ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే తల్లికి వద్దని, ఆ కోడిని ఇంటికి పంపేస్తారు. మా ముందే ఒక పుంజు ముట్టనంటే ముట్టనంది, దాన్ని చంకలో పెట్టుకుని ఒకాయన వెళ్ళిపోయాడు.

అది చూశాక నాకు అర్థమైంది. పొదుగు మీది కోడి గింజ ముట్టదు, గుడ్ల మీదే ఉండనిస్తే ఈ పెట్ట కూడా ఇంటికి తిరిగొచ్చేది. ఆ సంగతి ముసలమ్మకు నాకంటే ముందే తెలుసు. పైకి అంటే తల్లి మీదే ఎత్తు వేసినట్టు అవుతుందని నోరు తెరిచి చెప్పలేదు, అంతే.

ఆమె పెట్టను దించింది. గింజలు నేల మీద పడీ పడకముందే అది టకటకా ఏరుకు తిన్నది. ఐదు రోజులు నేను మేపిన ఆకలి అది.

అంతా అయ్యాక ముసలమ్మ ఖాళీ చేతులతో నా పక్కనుంచి వెళ్తుంటే ఆపాను. ముందే నాకెందుకు చెప్పలేదు అవ్వా అని అడిగాను.

"చెప్పిన గద బిడ్డా," అంది, "పని మీదున్నదని."