ఎదురు పురి

మా పెద్దమామ గొర్రెలన్నీ అమ్మేసినా కదురు మాత్రం వదల్లేదు. ముదిగుబ్బ బస్సు కోసం నిలబడినా సరదాకి ఉన్ని వడుకుతూనే ఉండేవాడు. పోగు తెగితే రెండు కొసలకూ ఉమ్మి తడి చేసి, అరచేతుల్లో నలిపి అతికేవాడు.

పొలం గట్టు తగాదాకి కూడా కదురుతోనే వెళ్లాడు. సొంత తమ్ముడే, మా చిన్నమామ, మచ్చుకొడవలితో నరికాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వేరుశనగ సాళ్లలో పడ్డాయి. నెత్తురు కారుతున్న ఆ చేత్తోనే పెద్దమామ ముందుగా కదురు అందుకున్నాడు. వేళ్లు ఏరింది మేము.

గాయం మానాక ఎడమచేత్తో వడికాడు. ఆ చేతికి కదురు మునుపటికి ఎదురు దిక్కున తిరిగేది, ఉన్నికి పురి, అంటే మెలిక, ఎదురు పడేది.

ఒకరోజు చిన్నమామ వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.

"అయిందేదో అయిపాయ. కలిసిపోదామన్నా."

పెద్దమామ కుడిచేత్తో వడికిన పాత ఉన్ని ఉండ తెచ్చి, దాని కొసనూ కొత్త పోగు కొసనూ తడిచేసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నలిపి అతుకు."

చిన్నమామ నలిపాడు. ఒక పోగుకి పురి ఎక్కుతుంటే రెండోది విడిపోయింది. అటు తిప్పి నలిపాడు. ఈసారి మొదటిది విడిపోయింది.

"నువ్వు నరికినప్పటి నుంచి నా పురి ఎదురే పడతాండాది. ఇంగ లెయ్," అన్నాడు పెద్దమామ.