జెట్టీ రాని ప్రయాణం

పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్ వెళ్లే షిప్పులో, సముద్రం పడక వాంతుల కవరు పట్టుకుని కూర్చున్నాను. నా పక్కన పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్ పేటలో స్థిరపడిన ఒక తెలుగు జంట ఉన్నారు. ఆవిడ పేరు మేరీ గారు, రిటైరైన టీచరు. నా వీపు నిమురుతూనే సువార్త మొదలుపెట్టారు.

"క్రీస్తును నమ్మితే నిత్యజీవం బాబూ. కాదన్నావా, నరకమే."

"నరకం ఎలా ఉంటుందండీ?" అన్నాను నీరసంగా.

"ఇప్పుడు నీకెలాగుందో అలాగే ఉంటాది. కాపోతే దిగిపోడానికి జెట్టీ రాదు."

అక్కడికక్కడే నమ్మేశానని చెప్పి మళ్లీ కవరు అందుకున్నాను.

ఆవిడ భర్త అప్పారావు గారు మాత్రం హాయిగా సమోసా తింటున్నారు. ఆయన పెళ్లయినప్పటి నుంచీ చర్చి గడప తొక్కలేదట. "నాకు సముద్రం పడతాది భయ్యా. కోయీ ఫికర్ నహీ," అన్నారు.

"ఆ నరకంలో మీ పక్కన నేనుండను కదండీ," అన్నారు మేరీ గారు.

"అది ఇంకా అచ్ఛా హై!"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు, కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకున్నారు. మా ఊళ్లో నరకం గురించి చెప్పేవాళ్లు గొంతు పెంచుతారు. ఇలా బెంగపెట్టుకునేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

అప్పారావు గారు నమలడం ఆపేశారు. మెల్లగా, "నమ్మకం సంగతి తర్వాత చూద్దాంలే. ఈ ఆదివారం చర్చికి నన్ను కూడా లేపు," అన్నారు.

"లేపుతాను," అన్నారావిడ ఇటు తిరక్కుండానే. "కానీ అక్కడ గురక పెట్టకండి."