మ్యాపులో తెరుచుకున్న సందు

నిప్పు పుట్టించిన మొదటి మనిషి గురించి ఎవరూ నాలుగు ముక్కలు రాసిపెట్టలేదు. అలాంటి చారిత్రక తప్పిదం మళ్లీ జరగకూడదు కనుక ఇది నమోదు కావాలి: గ్యాస్ బండలు ఇంటింటికీ మోసే బండలాయన, టీ తాగినప్పుడల్లా ఫోన్లో మ్యాపు దిద్దడం అలవాటు చేసుకున్నాడు. మూతపడ్డ మందుల షాపును చెరిపాడు. కరిచే కుక్క ఉన్న ఇంటి దగ్గర హెచ్చరిక రాశాడు. జనమే రాసి జనమే దిద్దుకునే మ్యాపు ముందు ప్రభుత్వాలు దిగదుడుపని ఆయన నమ్మకం.

"ఇంతకీ ఏమిస్తారు?" అంది భార్య.

"బ్యాడ్జీ ఇచ్చారే, చూడు!"

"కుక్కర్లో పెట్టమంటావా?"

ఇంటి వెనక సందుకు పాత ఇనుము కొట్టు నడిపే అన్నదమ్ములు అడ్డంగా గేటు పెట్టి తాళం బిగించారు. మొన్నామధ్య మామగారికి గుండెనొప్పి వస్తే అంబులెన్సు చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. అది వచ్చేలోపు అల్లుడే ఆయన్ని బండల ట్రాలీ మీద పడుకోబెట్టి మెయిన్ రోడ్డు దాకా తోశాడు. మామగారు బతికాడు గానీ, "ఖాళీ బండని దించినట్టు దించావయ్యా" అని నేటికీ దెప్పుతాడు.

ఆ కసితో బండలాయన మ్యాపులో సందు తెరిచేశాడు. 'ప్రజల దారి, వాహనాలు వెళ్లవచ్చు' అని రాసి, ఆ ఘనకార్యాన్ని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అన్నదమ్ములూ అదే గ్రూపులో ఉన్నారన్న సంగతి మాత్రం మరిచాడు.

సాయంత్రానికల్లా ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. పెద్దవాడి చేతిలో ఇనుప రాడ్డు.

"చెరిపేస్తావా, చెయ్యి వదులుకుంటావా?"

"చెరపను. అది జనం సందు."

"అయితే జనాన్ని పిలు, చూద్దాం!"

రాడ్డు మోచేతి మీద పడింది. ఎముక ఎండుపుల్లలా పటుక్కుమంది. చిన్నవాడు కడుపులో తన్ని, మూతి మీద గుద్దాడు, పన్నొకటి గడప దాటి వీధిలో పడింది. జనం బాల్కనీల నిండా ఉన్నారు. అందరూ వీడియో తీస్తున్నారు. "అక్కా, కొంచెం పక్కకి జరగవా, సరిగ్గా పడట్లేదు" అని ఒకడు బండలాయన భార్యను బతిమాలాడు కూడా. ఆమె జరిగింది, ట్రాలీతో సహా. అది పెద్దవాడి మోకాళ్లను కొట్టింది. వాడు వెనక్కి విరుచుకుపడ్డాడు. మెట్టు అంచుకు తల పగిలి, నెత్తురు కాలువలోకి దారి తీసింది.

మామగారు చేసిన ఫోనుకు అంబులెన్సు వచ్చింది. సరిగ్గా సందులోంచే! గేటు మడతబందులతో సహా ఊడి గోడకు కొట్టుకుంది.

"చూశావటే!" అన్నాడు బండలాయన, నెత్తురు ఉమ్మి. "మ్యాపు!"

అంబులెన్సులో పెద్దవాడి పక్కనే పడుకుని, నొప్పి పంటిబిగువున ఆపుకుంటూ డ్రైవరును అడిగాడు.

"ఏ మ్యాపు చూసి వచ్చావు బాబూ?"

"మ్యాపెక్కడిదండీ, ఫోను పొద్దున్నే బకెట్లో పడింది. అరుపులు ఇటునుంచి వినబడితే తిప్పాను. బ్రేకు పడలేదు."